గాలికి లైసెన్సు

పల్లె రేడియో చరిత్రలో మూడు ఊళ్ళ పేర్లు తప్పక చెప్పుకోవాలి: మాచనూరు, ఓర్వకల్లు, బూదికోట. మా ఓబులదేవరచెరువు ఆ జాబితాలో లేదు. మాకు రేడియో అంటే అనంతపురం ఆకాశవాణే. అయితే ఉత్తరాన కర్నూలు జిల్లా ఓర్వకల్లుకూ, దక్షిణాన కోలారు జిల్లా బూదికోటకూ నడుమ ఉన్నవాణ్ణి గనుక నాకిది పొరుగువారి కథే.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఈ రంగమంతటినీ ప్రభుత్వానికే కట్టబెట్టింది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు లేని పరికరం దగ్గరుంచుకోవడమే నేరం. ఒకప్పుడు వినే పెట్టెకు కూడా తపాలా కార్యాలయంలో రుసుము కట్టేవారు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి.సావంత్‌తో పాటు మన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. తీర్పు వచ్చింది గాని, పల్లెకు దారి మాత్రం తెరుచుకోలేదు.

జహీరాబాదు దగ్గరి మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1998లో, యునెస్కో సాయంతో, రేడియో కేంద్రం కట్టింది. దళిత స్త్రీలు తమ యాసలోనే కార్యక్రమాలు తయారుచేశారు. అనుమతి లేనందున వాటిని క్యాసెట్లకెక్కించి సంఘాలలో వినిపించారు. ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో చిన్న ట్రాన్స్‌మిటరుతో ‘మన రేడియో’ నడిపారు. లైసెన్సు లేదన్న కారణంతో 2003లో అది మూతపడింది. బూదికోటవారు ‘నమ్మ ధ్వని’ కార్యక్రమాలను కేబుల్ తీగల ద్వారా ఇళ్ళకు పంపారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. విత్తనాలూ, పొదుపూ, పిల్లల ఆరోగ్యమూ వంటి మాటలే క్యాసెట్‌లో ఉంటే తప్పులేదు, తీగలో పారినా తప్పులేదు. గాలిలోకి వెళితేనే నేరం. అంటే చట్టం అడ్డగించింది మాటను కాదు, ఆ మాట ప్రయాణించే దారిని. దారి మూసుకుపోయాక మాటకు స్వేచ్ఛ ఉండి ఏం లాభం?

2002 డిసెంబరులో కేంద్రం విద్యాసంస్థలకు తలుపు తీసింది. చదువుకున్నవారి ఆవరణలకు దొరికిన అనుమతి, చదువులేని స్త్రీలకు దొరకడానికి 2006 నవంబరు విధానం రావలసివచ్చింది. చివరకు 2008 అక్టోబరు 15న మాచనూరు ‘సంఘం రేడియో’ గాలిలోకి వచ్చింది. ప్రారంభించినది ఆనాటి తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే. కట్టిన కేంద్రం పలకడానికి పదేళ్ళు పట్టింది!

అనుమతితో చిక్కులు తీరలేదు. 2006 నియమాల ప్రకారం స్తంభం 30 మీటర్లు మించరాదు, ప్రకటనలు అప్పట్లో గంటకు 5 నిమిషాలు దాటకూడదనేవారు, ప్రసారమైనదంతా మూడు నెలలు భద్రపరచాలి. ఇవి కష్టమైనా న్యాయమే అనుకోవచ్చు. సొంత వార్తలపై నిషేధం అలాంటిది కాదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవున్నట్టుగా తిరిగి వినిపించే వీలు తరువాత కల్పించారు గాని, తమ ఊరి వార్తను తాము చెప్పుకొనే హక్కు ఇంకా రాలేదు. కుళాయి ఏ వేళకు వస్తుందో చెప్పవచ్చు. ఎందుకు రాలేదని ఆరా తీసి చెబితే అది వార్త!

మా సీమలో చెరువునీటిని పంచే నీరుగంటి ఉండేవాడు. తూము అతని చేతిలో ఉన్నా, నీరు తనదని అతడెన్నడూ అనలేదు. ఆకాశతరంగాల విషయంలో ప్రభుత్వం నుండి కోరేదీ అంతే.