తొలి గాలం: బాల్యస్మృతి చారిత్రకాధారం కాగలదా?

వినోదార్థం చేపలు పట్టేవారి రచనల్లో తరచుగా ఎదురయ్యే సన్నివేశం ఒకటుంది. రచయిత తాను మొట్టమొదట పట్టుకున్న కర్రను, దారాన్ని, కొక్కేన్ని తలచుకుంటాడు. ఆ తరువాత ఎంత ఖరీదైన సరంజామా కొన్నా, ఏ నదిలో ఎంత పెద్ద చేపను ఒడ్డుకు చేర్చినా, జ్ఞాపకం మాత్రం ఆ తొలి గాలం దగ్గరే ఆగుతుంది. దీన్ని గతంపై మమకారంగా భావించి పక్కన పెట్టడం సులువే. చరిత్ర విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. ఇత్తడి రీళ్లు, వార్నిష్ పూసిన కర్రలు సంగ్రహాలయాల్లో భద్రంగా ఉన్నాయి. పదేళ్ల పిల్లవాడు పెరట్లో విరుచుకున్న కర్ర ఎక్కడా లేదు. అది వేసవి సెలవులు ముగిసేలోగా పొయ్యిలోకి పోయింది. దానికి మిగిలిన ఆధారమల్లా దాన్ని పట్టుకున్న చేతి జ్ఞాపకమే. ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు, ఏ విషయంలో స్వీకరించవచ్చునన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన అంశం.

ఇందుకు రష్యన్ రచయిత సెర్గేయ్ అక్సాకోవ్ (1791–1859) మంచి ఉదాహరణ. ఆయన ఒకే విషయాన్ని రెండు విధాలుగా రాశాడు. 1847లో వెలువడిన చేపల వేట గ్రంథం అనుభవజ్ఞుడు రాసిన కరదీపిక. అందులో కర్ర, దారం, బెండు, సీసపు గుండు, కొక్కెం ఒక్కొక్కటి ప్రత్యేకంగా చర్చకు వస్తాయి. 1858లో అచ్చయిన బాల్యస్మృతుల గ్రంథంలో బగ్రోవ్ మనవడనే పేరు వెనుక నిలబడి తన చిన్ననాటిని చెప్పుకున్నాడు. ప్రయాణం మధ్యలో ద్యోమా నది ఒడ్డున బస చేసినప్పుడు, తండ్రీ, పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉండే సేవకుడు యెవ్‌సేయిచ్ కలిసి అప్పటికప్పుడు గాలాలు సిద్ధం చేస్తారు. కర్ర పచ్చిది, బెండు పచ్చి రెల్లుకాడది. కరదీపికలో ఉన్నది వస్తువు ఎలా ఉండాలన్న నిర్ణయం. స్మృతిలో ఉన్నది చేతికందినదానితో పని ఎలా జరిగిందన్న వృత్తాంతం. మొదటిది రాసేనాటికి ఆయన యాభైల నడిమి వయస్సులో, రెండోది అచ్చయ్యేనాటికి అరవైల నడిమి వయస్సులో ఉన్నాడు. సంఘటనకూ రచనకూ నడుమ దాదాపు ఆరు దశాబ్దాల దూరం ఉంది.

ఆ దూరాన్ని బట్టి స్మృతిని తోసిపుచ్చాలా? నా అభిప్రాయంలో అక్కర్లేదు. అక్సాకోవ్ చెప్పిన మాటల్లో ఎవరు ఏం మాట్లాడారన్నది కల్పన కావచ్చు. రెల్లుకాడ బెండు మాత్రం కల్పించడానికి ప్రయోజనం లేని వివరం. పైగా అది తాను కరదీపికలో స్థాపించిన ప్రమాణాలకు అందని నాసిరకం వస్తువు. రచయిత ప్రతిష్ఠకు ఏమాత్రం దోహదం చేయని ఇటువంటి వివరాలే చరిత్రకారుడికి ఎక్కువ పనికివస్తాయి. తల్లికి ఆ వేట నచ్చకపోవడం, పిల్లవాడికి దాని మీద పిచ్చి పట్టడం కూడా అందులోనే నమోదయ్యాయి. గాలం ఎవరిచ్చారన్న ప్రశ్నకు జవాబు తండ్రి అనో, సేవకుడు అనో మాత్రమే చెబితే సరిపోదు. ఆ ఇంట్లో ఎవరు దాన్ని అడ్డుకోజూశారన్నదీ తెలియాలి.

జ్ఞాపకానికి కాలనిర్ణయం చేయడంలో దారం అన్నిటికంటే నమ్మదగిన సాక్షి. 1653లో అచ్చయిన ఐజాక్ వాల్టన్ ‘ది కంప్లీట్ యాంగ్లర్’ నాటికి ఇంగ్లండులో గాలపు దారమంటే గుర్రపు తోక వెంట్రుకల పేట. ఆడ గుర్రం తోక మూత్రంతో తడిసి బలహీనపడుతుందని, మగ గుర్రానిదే మేలని జాలరుల నమ్మకం. తరువాత పట్టుదారం, దాని చివర సిల్క్ గట్ వచ్చాయి. గట్ అంటే గూడు కట్టబోయే పట్టుపురుగును వెనిగర్‌లో నానబెట్టి, దాని పట్టుగ్రంథిని సాగదీసి ఎండబెట్టిన పోగు. స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతం ఈ పరిశ్రమకు పేరుపొందింది. ఎండిన గట్ పెళుసు. ముడి వేయడానికి ముందు తడపకపోతే పుటుక్కున తెగుతుంది. పెద్దవాళ్లు దాన్ని తడిగుడ్డల మధ్యో, తడిపిన డబ్బాలోనో ఉంచితే పిల్లలు నోట్లో పెట్టుకునేవారు. 1938లో డ్యూపాంట్ సంస్థ నైలాన్‌ను ప్రకటించాక, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే గట్ కనుమరుగైంది. కాబట్టి ఒక వృద్ధుడు తన తొలి గాలాన్ని తలచుకుంటూ దారం నోట్లో నానిన స్పర్శను చెబితే, ఆయన సంవత్సరం చెప్పకపోయినా మనం ఇంచుమించుగా చెప్పవచ్చు. తేదీని మరచిన మనిషి స్పర్శను మరవడు.

కర్ర విషయంలో ఇంత స్పష్టత లేదు. అయినా మనకు ఆసక్తికరమైన సంగతి ఒకటుంది. 19వ శతాబ్దిలో అమెరికాలో వెదురును చీల్చి, బద్దలను అతికి కర్రలు చేసిన తొలితరం పనివారు వాడినది కలకత్తా వెదురు. చైనా నుంచి టాంకిన్ వెదురు వచ్చేదాకా దానిదే రాజ్యం. భారతదేశపు వెదురు విదేశీ ధనికుడి చేతిలో కళాఖండమైంది.

ఇక కొక్కెం. ఆంగ్ల రచనల్లో బాల్యపు గాలమనగానే వంచిన గుండుసూది ప్రత్యక్షమవుతుంది. ఎన్నో చిత్రాల్లో, కథల్లో వచ్చి అది ఒక మూసగా మారింది. ఇక్కడ అనుమానం అవసరం. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం సూదులతోపాటు గాలపు కొక్కేలనూ భారీగా తయారుచేసిన కేంద్రం. కొక్కెం అక్కడ దుర్లభమైన వస్తువేమీ కాదు. పైగా వంచిన సూదికి కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉండదు కనుక చేప ఒక్క విదిలింపుతో జారిపోతుంది. పేదరికం వల్ల సూది వంచినవారు ఉండే ఉంటారు. కానీ అందరి స్మృతిలోనూ అదే సూది కనిపించడం అనుభవం వల్ల కాదు, చదువు వల్ల. మనిషి తన బాల్యాన్ని గుర్తుచేసుకునేటప్పుడు ఇతరుల బాల్యాలను కూడా అరువు తెచ్చుకుంటాడు.

అయితే ఇదే గుండుసూది తెలుగు పల్లెకు వచ్చేసరికి అర్థం మారుతుంది. గుండుసూది వంచి గాలం చేశామని చెప్పే పెద్దలు మనకూ ఉన్నారు. వ్యవసాయ కుటుంబంలో గుండుసూదితో పనిలేదు. అది కాగితాలకు సంబంధించిన వస్తువు. బడిపంతులు బల్లమీది నుంచో, కరణం కవిలె కట్టల నుంచో, తపాలా కార్యాలయం నుంచో పిల్లవాడి చేతికి చేరాలి. అంటే ఆ జ్ఞాపకం చేపల వేట గురించి చెప్పేదానికంటే, ప్రభుత్వ కాగితం ఆ ఊరికి ఎప్పుడు చేరిందన్నది ఎక్కువగా చెబుతుంది. ఒకచోట సాహిత్యపు మూస అయినది మరొకచోట పాలనా చరిత్రకు ఆధారం కాగలదు.

మన దేశంలో గాలానికి లిఖిత సంప్రదాయం లేకపోలేదు. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడి పేర 12వ శతాబ్దిలో వెలసిన ‘మానసోల్లాసం’లోని మత్స్యవినోదం చేపల జాతులను, ఎరలను, గాలపు సామగ్రిని వివరిస్తుంది. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దీనిపై విపులంగా రాశారు. ఆంగ్లేయుల కాలానికి వస్తే, మద్రాస్ సివిల్ సర్వీస్ అధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ ప్రకటించాడు. ఒకటి రాజు వినోదం, మరొకటి దొర విరామం. చెరువుగట్టున కూర్చున్న పిల్లవాడు రెండింటిలోనూ రచయిత కాడు. బెస్త, ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల పిల్లలకైతే తొలి గాలం ఆటవస్తువు కూడా కాదు. అది వృత్తిలోకి ప్రవేశం. వినోదంగా పట్టినవాడు స్మృతి రాస్తాడు, కూటికోసం పట్టినవాడికి దాన్ని ప్రత్యేకంగా తలచుకునే తీరిక ఎక్కడిది? మన ఆధారాలన్నీ ఒకవైపే ఒరిగి ఉండడానికి ఇదే కారణం. దీన్ని సవరించుకోకుండా బాల్యస్మృతులను గ్రామచరిత్రగా చెలామణి చేయడం సరికాదు.

ఈ హెచ్చరిక నాకూ వర్తిస్తుంది. నా తొలి గాలం గురించి నాకు స్పష్టమైన జ్ఞాపకం ఉందని చాలాకాలం అనుకున్నాను: పొడవైన వెదురు కర్ర, తంగూసు దారం, జీలుగు బెండు, హాజరు పట్టీ నుంచి లాగిన గుండుసూది. ఈ వ్యాసం రాసే ముందు అన్నయ్యను అడిగాను. ఆయన నవ్వి, “మన ఊళ్లోకి వెదురు పాడెకో పందిరికో తప్ప ఎప్పుడొచ్చిందిరా? నీకెవరిస్తారు? అది కందికట్టె. రెండోరోజే విరిగింది” అన్నాడు. దారం కూడా తంగూసు కాదట, గోనెసంచులు కుట్టే పురికొసలోంచి విడదీసిన పేట అట. ఆయన మాటే నిజమై ఉండాలి. మా పొలంలో కంది ఉండేది, వెదురు లేదు. నా వెదురు బహుశా పాఠ్యపుస్తకంలోని బొమ్మ నుంచి వచ్చింది. గుండుసూది సంగతి మాత్రం ఆయనకు తెలియదు. దాన్ని దొంగిలించిన భయం నాది కనుక నాకే గుర్తుంది.

మా ఇద్దరికీ ఒప్పుదలైన విషయం మరొకటి. పురికొసకు సూదిని కట్టింది మేము కాదు. మాతోపాటు గేదెలు కాయడానికి వచ్చే ఒక బెస్తవారి అబ్బాయి. మేము కట్టిన ముడి రెండుసార్లు జారిపోతే, అతడు పురికొసను నోటితో తడిపి, ఒక్క క్షణంలో కట్టి ఇచ్చాడు. ఆ ముడి వానాకాలం దాకా ఊడలేదు. అది ఎలా వేశాడో అన్నయ్యకూ నాకూ గుర్తులేదు.