ఏనుగు దంతాలకు పగుళ్లు: కారణాలు, సంరక్షణ విధానాలు

రాయిలా గట్టిగా కనిపించినా ఏనుగు దంతం గాలిలోని తేమకు స్పందించే పదార్థం. ఒకసారి పగిలితే దాన్ని పూర్వస్థితికి తేవడం సాధ్యం కాదు. అందువల్ల దంతపు వస్తువుల సంరక్షణలో పగుళ్లను ముందుగానే నివారించడం కీలకం.

పగుళ్లు ఎందుకు వస్తాయి?

ఏనుగు దంతాలు పై దవడలో పెరిగే కుంతకాలు. వాటిలో అధిక భాగం డెంటిన్. కొల్లాజెన్ అనే ప్రోటీన్, కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం కలిసి ఇది ఏర్పడుతుంది. తేమ పెరిగితే డెంటిన్ ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. ఈ మార్పు అన్ని దిశల్లో సమానంగా ఉండదు. పైభాగం లోపలి భాగం కంటే ముందుగా ఆరినప్పుడు పొరల వెంబడి, పొడవునా చీలికలు ఏర్పడతాయి. అడవిపంది కోరల్లో ఎనామిల్ పొర అంతగా కుంచించుకోదు, దాని కింది డెంటిన్ మాత్రం కుంచించుకుంటుంది. అందువల్ల అవీ చీలిపోతాయి.

ఇరాక్‌లోని నిమ్రూద్‌లో 1950ల ఆరంభంలో మాక్స్ మలోవన్ బృందం రాజప్రాసాదపు బావి బురదలో నుంచి దంతపు శిల్పాలను వెలికితీసింది. ఒక్కసారిగా ఎండితే అవి చీలిపోయే ప్రమాదం ఉండటంతో తడిగుడ్డల సాయంతో నెమ్మదిగా ఆరబెట్టారు.

ఎలా భద్రపరచాలి?

సాపేక్ష ఆర్ద్రత 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండటం మేలు. ఆ అంకె కన్నా హఠాత్తుగా వచ్చే హెచ్చుతగ్గులే ఎక్కువ హాని చేస్తాయి. మండువేసవి వెంటనే వర్షాకాలం వచ్చే దక్కన్‌లో ఈ జాగ్రత్త మరింత అవసరం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు కళాఖండాలకు ప్రత్యేక గ్యాలరీ ఉంది.

నేరుగా ఎండ, వేడినిచ్చే దీపాలు, ఏసీ గాలి తగిలే చోట వస్తువులను ఉంచకూడదు. తగిన తేమకు సిద్ధం చేసిన సిలికా జెల్‌ను అద్దాల పెట్టెలో ఉంచితే హెచ్చుతగ్గులు తగ్గుతాయి. నీటితో కడగడం, నూనె పూయడం తగదు. నూనె మరకలు పడి, దుమ్ము అంటుకుంటుంది. మెత్తని పొడి కుంచెతో దులిపితే చాలు. పాత పగుళ్లలో జిగురు నింపకుండా సంరక్షణ నిపుణులను సంప్రదించాలి.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం వారసత్వంగా వచ్చిన దంతాలకూ యాజమాన్య ధ్రువపత్రం తప్పనిసరి. ఆ పత్రం ఉన్నా వాటిని విక్రయించరాదు. భారతీయ ఏనుగు దంతాల వ్యాపారాన్ని 1986 నాటి సవరణ నిషేధించింది.