కాగితపు కప్పు



పట్టణజీవనమునకు గురుతుగా ఒక్క వస్తువును చూపుమని నన్నడిగినచో, నేను కాగితపు కాఫీకప్పును చూపుదును. ధర్మవరము రైలుజంక్షనులోగాని, హిందూపురపు బస్టాండులోగాని, దేశవిదేశముల యాత్రికులు వచ్చు పుట్టపర్తి వీధులలోగాని ఇది లేని కాఫీ అంగడి అరుదు. నాలుగు గుక్కలతో దాని ఆయువు తీరును.

వాడి పారవేయుట మనకు క్రొత్త గాదు. విస్తరి, దొప్ప, మట్టిముంత మన పూర్వు లెరిగినవే. ఎంగిలి యను పట్టింపు వానిని నిలిపినది. వాడిన పిమ్మట అవి మట్టిలో కలిసిపోయెడివి. కాగితపు కప్పు పుట్టుక వేరు. అమెరికాలో రైళ్లయందును, పాఠశాలలయందును ఒకే లోటాతో అందరును నీరు త్రాగెడివారు. రోగములు వ్యాపించునని కాన్సాసు రాష్ట్రము 1909లో ఆ యుమ్మడి లోటాను నిషేధించెను. బోస్టను నగరమున లారెన్సు లూయెలెన్ కల్పించిన కాగితపు కప్పునకు అట్టి నిషేధములవలన గిరాకి హెచ్చెను. అచ్చటివారిది రోగభయము, మనదో, స్పర్శభయము.

ఈ మాట కటువైనను సత్యము. తెలుగునాట పెక్కు పల్లెల కాఫీహోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి యుండెడిది. దళితులకు వేరు గ్లాసు. త్రాగినవారే దానిని కడిగి వేరుగా పెట్టవలెను. హోటలు పాత్రల వాడుకలో ఇట్టి భేదమును 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము శిక్షార్హము గావించెను. అయినను దక్షిణదేశమున కొన్ని గ్రామములలో ఇతరులకు స్టీలు గ్లాసు నిచ్చి, దళితులకు మాత్రము పారవేయు కప్పు నిచ్చుట జరిగినది. గ్లాసు మారినది గాని భేదము మారలేదు.

పట్టణమున ఆ కప్పే వేరొక మేలు చేసినది. రైలు దిగినవారి కెల్లరకు ఒకటే కప్పు. కాఫీ పోయువాడు కులమడుగడు. ఇది స్వల్పలాభము గాదు. కాని దీనికి వెల గలదు. కాగితము తడిసి పోకుండుటకై లోపల పలుచని ప్లాస్టికు పూత పూయుదురు. 100 మిల్లీలీటర్ల వేడిద్రవమును అందు 15 నిమిషములుంచినచో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టికు కణములు దానిలో చేరునని ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో తెలిపిరి. 2022 జూలై 1 నుండి ప్లాస్టికు కప్పులు దేశమంతట నిషిద్ధములైనను, ఆ నాటి పట్టికలో కాగితపు కప్పు చేరలేదు.

కావున చక్కగా కడిగిన గ్లాసే మేలని నా మనవి. అయితే అది అందరికిని ఒకే వరుసనుండి తీసి యిచ్చు గ్లాసు కావలెను. ఒకరు త్రాగి పెట్టినదానిని కడిగి యిచ్చినపుడు, త్రాగినవా రెవరని విచారింపక మనము కాఫీ త్రాగగలిగిననాడు కాగితపు కప్పుతో మనకు పనియుండదు.