అరపూట బడి

కే.వి.కుప్పము, గుడియాత్తము ప్రాంతములలో తెలుగు కుటుంబములు తరతరములుగా నున్నవి. గుడియాత్తము లుంగీలకు పేరు గన్నది. మగ్గపు పనిని తండ్రి యొద్ద కుమారుడు నేర్చుకొనుట నేతయిండ్ల వాడుక.

1953 జూన్‌లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము గ్రామముల ప్రాథమిక పాఠశాలలకు అరపూట చదువు విధించెను. అయిదు గంటల బడి మూడు గంటలాయెను. తక్కిన పూట బాలుడు ఇంటి వృత్తి నేర్చుకొనవలెను. కాగితముపై సులభమే! కాని ఉపాధ్యాయుడు రెండు జట్లకు మూడేసి గంటలు, అనగా ఆరు గంటలు చెప్పవలసివచ్చెను. నేర్పు తండ్రికి బోధనయందు శిక్షణ లేదు. ఏ వృత్తియు లేని కూలివాని బిడ్డ యేమి నేర్వవలెను? నేతవాని బిడ్డ నేతవాడుగనే యుండవలెనా యను ప్రశ్న రాష్ట్రమంతట చెలరేగెను. ఫైళ్లతో జీవితము గడపిన నాకు తోచునది యిది: ఉత్తరువు వెలువడిన పిదప శిక్షకులను వెదకిరి.

1954 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రియైన కామరాజుగారు మే నెలలో ఆ పథకమును రద్దు చేసిరి. ఆ యేటనే వారిని ఉపయెన్నికలో శాసనసభకు పంపినది మన గుడియాత్తమే.

నేడు శిక్షకుల కొరత మనకు వేరొక రూపమున వచ్చినది. 2006 నాటి చట్టముచే బడులలో తమిళము తప్పనిసరి యైనది. దాని ప్రక్కన తెలుగు చెప్పుటకు శిక్షణ పొందిన పిల్లలు మన యిండ్లనుండియే రావలెను; వారిని చదివించు ఖర్చును మన సంఘము విచారింపవలసియున్నది.