ముక్కుపుటాల నుంచి వాయుగోణుల దాకా: సూరత్ ప్లేగు సాగిన దారి

1994 సెప్టెంబరు మూడో వారం. తాపీ నది వరద తగ్గి ఎన్నాళ్లో కాలేదు. సూరత్ నగరంలోని వేడ్ రోడ్డు ప్రాంతం నుంచి తీవ్ర జ్వరం, ఛాతీ నొప్పి, రక్తపు కళ్లెతో రోగులు ఆసుపత్రులకు రావడం మొదలైంది. అది న్యుమోనిక్ ప్లేగు అన్న వార్త పొక్కగానే లక్షలాది మంది రైళ్లు, బస్సులు పట్టుకుని ఊరు విడిచారు. వారిలో మరమగ్గాలపై బతికే వలస కార్మికులే అధికం. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన చేనేత కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో నేటికీ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నడుపుతోంది.

మరణాలు వందకు చేరలేదు. అయినా అంతటి భయానికి కారణం లేకపోలేదు. ఎలుకల మీది గోమార్లు కుట్టడం వల్ల శరీరంలో చేరే ప్లేగు క్రిమిని గజ్జల్లోనో చంకల్లోనో ఉండే గ్రంథులు కొంతకాలం అడ్డగిస్తాయి. అదే క్రిమి గాలి వెంట ఊపిరితిత్తుల్లో దిగితే, సకాలంలో చికిత్స అందకుంటే మరణం దాదాపు తప్పదు. ఈ తేడా ఎందుకో తెలియాలంటే మన శ్వాసమార్గపు నిర్మాణాన్ని చూడాలి.

గాలికి తొలి ద్వారం ముక్కు. లోపలి వెంట్రుకలు పెద్ద నలుసులను ఆపుతాయి. మెలిపడిన పల్చని ఎముకల మీద పరచుకున్న తడి పొర గాలిని వెచ్చబరిచి, తేమపట్టించి పంపుతుంది. నోటితో పీల్చేవారికి ఈ రక్షణ దక్కదు. ముక్కు వెనుక గ్రసని, దాని కింద స్వరపేటిక ఉంటాయి. అన్నం, గాలి కలిసి నడిచే ఈ కూడలిలో మింగే క్షణాన ఉపజిహ్విక మూతలా వాలి గాలి దారిని కాపాడుతుంది. పొలమారడమంటే ఈ మూత లిప్తపాటు ఆలస్యం కావడమే.

స్వరపేటిక దిగువన వాయునాళం 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. గుర్రపు లాడం ఆకారంలో 16 నుంచి 20 దాకా మృదులాస్థి వలయాలు దానిని ముడుచుకుపోనీయవు. వలయాల తెరచిన వైపు వెనుక ఉన్న అన్నవాహికకు ఆనుకుని ఉంటుంది. ఛాతీ మధ్యలో నాళం రెండుగా చీలుతుంది. కుడి శాఖ వెడల్పుగా, పొట్టిగా, నిటారుగా ఉంటుంది గనుకనే పిల్లలు పొరపాటున పీల్చిన వేరుశనగ గింజ తరచు కుడి ఊపిరితిత్తిలోనే దొరుకుతుంది. కుడివైపున మూడు తమ్మెలు, గుండెకు చోటివ్వవలసిన ఎడమవైపున రెండే.

అక్కడి నుంచి తలకిందులైన చెట్టులా నాళాలు దాదాపు 23 సార్లు చీలుతూ పోతాయి. వాటి గోడల మీద జిగురు పొర, దాని కింద అదే పనిగా కదిలే సూక్ష్మమైన శైలికలు ఉంటాయి. జిగురుకు అంటుకున్న దుమ్మును శైలికలు పైకి నెడతాయి. మనం మింగేది, ఉమ్మేది అదే. పొగతాగేవారిలో శైలికలు దెబ్బతింటాయి. వారికి తెల్లవారగానే వచ్చే దగ్గుకు అదొక కారణం.

చివరి కొమ్మలకు వేలాడే బుడగలే వాయుగోణులు. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 30 నుంచి 50 కోట్ల వరకు ఉండే వీటిని విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది. లోపలి గాలికి, బయటి రక్తకేశనాళికకు మధ్య ఉన్న తెర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ప్రాణవాయువు రక్తంలోకి, బొగ్గుపులుసు వాయువు బయటికి దాటేది ఇక్కడే. అంతటి పల్చని చోట శైలికలకు తావులేదు. చొరబడినవాటిని మింగే భక్షక కణాలే కాపలా.

ప్లేగు క్రిమి యెర్సీనియా పెస్టిస్ ఈ కాపలాను ఏమార్చగలదు. రోగి దగ్గులోని తుంపరల ద్వారా చేరి, వాయుగోణుల్లో వృద్ధిచెంది వాటిని ద్రవంతోను, రక్తంతోను నింపుతుంది. గాలి ఉండవలసిన చోట నీరు చేరితే ఎంత పీల్చినా ప్రాణవాయువు రక్తానికి అందదు. పైగా ఆ పల్చని తెర దాటితే క్రిమి నేరుగా రక్తప్రవాహంలో పడుతుంది. లక్షణాలు కనిపించిన 24 గంటల్లో తగిన మందు మొదలైతేనే ఆశ. ఆ రోజుల్లో టెట్రాసైక్లిన్ కోసం జనం ఎగబడింది ఇందుకే.

అది నిజంగా ప్లేగేనా అన్న వివాదం చాలాకాలం సాగింది. చివరకు హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆనాటి క్రిముల జన్యుపదార్థాన్ని పరీక్షించి, ప్లేగు క్రిమేనని 2000లో ప్రకటించారు. ఈలోగా 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త తొలగింపును గాడిన పెట్టి నగరం రూపు మార్చారు.

ప్లేగు పోయింది, దుమ్ము పోలేదు. దుమ్ములో 10 మైక్రాన్లకు మించిన రేణువుల్లో అధికభాగం ముక్కులోను, పెద్ద నాళాల్లోను చిక్కుతుంది. రెండున్నర మైక్రాన్లకు తగ్గినవి వాయుగోణుల దాకా దిగగలవు. నూలు మిల్లుల పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్‌లో సెలవు తర్వాతి తొలి పనిదినాన ఛాతీ బిగుసుకుపోవడం ప్రసిద్ధ లక్షణం. సూరత్ మగ్గాల మీద నేసేది ఎక్కువగా కృత్రిమ దారం కావడంతో అక్కడ ఈ జబ్బు ప్రమాదం అంతగా లేదు. అయితే గాలి ఆడని ఇరుకు గదులు, ఒకే గదిలో పలువురి నివాసం క్షయకు అనుకూలం. రెండు వారాలు దాటిన దగ్గును మగ్గం దుమ్ము అని సరిపెట్టుకోవడం ప్రమాదకరం. కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. పరీక్షకు నోటి ఉమ్మి పనికిరాదు. ఉదయం లేవగానే గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోతు నుంచి దగ్గి తీసిన కళ్లెనే సీసాలో ఇవ్వాలి.