పాత సామాను అమ్ముకోవడం: న్యూకాసిల్‌కు కొత్త కాదు, మనకూ కొత్త కాదు

పోయిన చలికాలంలో మా స్నేహితుడొకరు కుటుంబంతో సహా న్యూకాసిల్ వదిలి ఇండియా వెళ్లిపోయాడు. వీసా గడువు ముగిసింది, కంపెనీ పొడిగించలేదు. ఇల్లు ఖాళీ చేయడానికి చేతిలో ఉన్నది ఒక్క వారం. మంచం, సోఫా, వాషింగ్ మెషిన్, పిల్లాడి సైకిలు, నాలుగేళ్లుగా పౌండు పౌండు కూడబెట్టి కొన్నవన్నీ ముందుగదిలో పేర్చి కూర్చున్నాడు. ముందే అమ్మి ఉండొచ్చు కదా అని మేము అడిగితే అతని భార్య మెల్లగా ఇలా అంది: "ఏం చెప్పమంటారు అన్నయ్యా! సామాను అమ్ముకుంటున్నారు అంటే మనవాళ్లు ఏమనుకుంటారోనని ఊరుకున్నాం."

చివరికి నూట నలభై పౌండ్లు పెట్టి కొన్న మంచం ఇరవైకి పోయింది. సోఫాను ఎవరూ తీసుకోలేదు సరికదా, దాన్ని తీసుకుపోవడానికి వీళ్లే ఎదురు డబ్బిచ్చారు. ఆ రాత్రి మేము హీటన్‌లోని మా ఇంటికి నడిచి వస్తూ ఆ మాట గురించే మాట్లాడుకున్నాం. మేము ముగ్గురం ఒకే ఆఫీసులో గుమాస్తాలం. మా ముగ్గురి ఇళ్లలోనూ వాడని సామాను ఉంది. మా ముగ్గురికీ అదే సిగ్గు ఉంది. ఆ సిగ్గు ఎక్కడ నుంచి వచ్చింది? మనం ఉంటున్న ఈ ఊరి జనం పాత సామాను ఎలా అమ్ముకున్నారు? ఆదివారాలు లైబ్రరీలో కూర్చుని చదివినవీ, పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ పాఠకులతో పంచుకుంటున్నాం.

పాడీ సంత

టైన్ నది ఒడ్డున కీసైడ్‌లో ఆదివారం సంత జరుగుతుందని మనలో చాలామందికి తెలుసు. ఆ ఒడ్డునే కొంచెం తూర్పుగా వెళితే శాండ్‌గేట్ వస్తుంది. ఇప్పుడక్కడ అందమైన భవనాలు, నడవడానికి చక్కని దారి ఉన్నాయి. నూట పాతికేళ్ల కిందట అది ఊరిలోని కటిక పేదల పేట. అక్కడ పాత బట్టల సంత జరిగేది. దాన్ని 'పాడీస్ మార్కెట్' అనేవారు. పాడీ అంటే పాట్రిక్‌కు ముద్దుపేరు. ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లను ఇక్కడివాళ్లు ఆ పేరుతోనే పిలిచేవారు, కొంత వేళాకోళంగా కూడా. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి కరువు వచ్చింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో లక్షల మంది దేశం విడిచారు. వారిలో కొందరు పని వెతుక్కుంటూ టైన్ తీరానికి చేరారు. అంటే ఆ సంత పేరులోనే మనలాంటి వలస మనిషి ఉన్నాడన్నమాట.

ఈ సంతను రాల్ఫ్ హెడ్లీ అనే చిత్రకారుడు 1898లో బొమ్మ గీశాడు. న్యూకాసిల్‌లోని లేయింగ్ ఆర్ట్ గ్యాలరీ వారి సేకరణలో అది ఉంది. రాజులను, రాణులను కాకుండా పాత బట్టలు అమ్ముకునే మామూలు జనాన్ని బొమ్మ కట్టడం మాకు నచ్చింది. ఒకరి ఇంట్లో పనికిరానిది ఇంకొకరి ఒంటిమీదికి కొత్త బట్టగా వెళ్లేది. మధ్యలో ఉన్న మనిషికి ఆ పూట రొట్టె దొరికేది.

నగరం నడిబొడ్డున ఉన్న గ్రెయింజర్ మార్కెట్ 1835లో మొదలైంది. అందులో మార్క్స్ అండ్ స్పెన్సర్ వారి చిన్న 'పెన్నీ బజార్' 1895 నుంచి ఉంది. ఆ కంపెనీ మొదలుపెట్టిన మైకేల్ మార్క్స్ కూడా వలస వచ్చినవాడే. ఇప్పటి బెలారస్ ప్రాంతం నుంచి వచ్చిన యూదుడు. 1884లో లీడ్స్ మార్కెట్‌లో ఒక బల్ల పెట్టుకుని వస్తువు ఏదైనా ఒక పెన్నీయే అని అమ్మాడు. ఆయన అమ్మింది పాత సామాను కాదు, నిజమే. కానీ ఈ దేశంలో బల్ల వేసుకుని కూర్చున్నవాడు చిన్నవాడేమీ కాదని చెప్పడానికి ఆయన పేరు చాలు.

సోమవారం తాకట్టు, శనివారం విడుదల

సంతలో అమ్మడం ఒక దారి. రెండోది తాకట్టు కొట్టు. దాని గుమ్మానికి మూడు బంగారు రంగు గుండ్లు వేలాడేవి. అక్కడి జనం తాకట్టు వ్యాపారిని 'అంకుల్' అనేవారు. మనం అయితే మామ అనేవాళ్లమేమో! సోమవారం ఉదయం ఇంటి ఆడవాళ్లు భర్త ఆదివారం కోటును తీసుకెళ్లి కుదువ పెట్టడం, శనివారం కూలి డబ్బులు రాగానే విడిపించడం, ఆదివారం ఆ కోటు తొడుక్కుని చర్చికి వెళ్లడం, మళ్లీ సోమవారం తాకట్టు. బొగ్గు గనుల్లో, ఓడల యార్డుల్లో పనిచేసే ఎన్నో కుటుంబాలకు ఇదే వారం వారం లెక్క.

1872లో దీనికి ప్రత్యేక చట్టం వచ్చింది. చిన్న అప్పులకు రెండు షిల్లింగులకు నెలకు అర పెన్నీ వడ్డీ అని నిర్ణయించారు. మా గుమాస్తా బుద్ధితో లెక్క కడితే ఏడాదికి నూటికి ఇరవై అయిదు. విడిపించుకోవడానికి ఒక సంవత్సరం, పైన ఏడు రోజులు గడువు. మన ఊళ్లలో బంగారు గొలుసు బ్యాంకుకు, అక్కడి నుంచి మెడలోకి, మెడ నుంచి మళ్లీ బ్యాంకుకు తిరుగుతుంది. పేర్లే వేరు, కష్టం ఒక్కటే.

సిగ్గు పుట్టిన చోటు

ఇక మేము వెతికిన అసలు సంగతి. 1931లో ఆర్థిక మాంద్యం కాలంలో ఇక్కడి ప్రభుత్వం నిరుద్యోగులకు ఇచ్చే భృతిని తగ్గించి, 'మీన్స్ టెస్ట్' అనే పరీక్ష పెట్టింది. అధికారి ఇంటికి వచ్చి ఎవరెవరు ఎంత సంపాదిస్తున్నారు, ఎంత దాచుకున్నారు, ఇంట్లో ఏమేం ఉన్నాయి అని చూసేవాడు. అవసరానికి మించి సామాను ఉందనుకుంటే, ముందు అది అమ్ముకుని తినండి, తర్వాత సాయం అడగండి అనేవారు. పియానోలు, మంచి కుర్చీలు అలా పోయాయి. ఇరుగుపొరుగు చూస్తుండగా సామాను గుమ్మం దాటేది.

న్యూకాసిల్‌కు దగ్గరలోనే ఉన్న జారోలో ఓడల యార్డు మూతపడి ఊరు ఊరంతా పని లేకుండా కూర్చుంది. 1936 అక్టోబర్ 5న రెండు వందల మంది అక్కడి నుంచి లండన్‌కు కాలినడకన బయలుదేరారు. దాదాపు మూడు వందల మైళ్లు నడిచి ఆ నెలాఖరుకు చేరారు. వాళ్లు అడిగింది భిక్ష కాదు, పని. ఆ ఊరి ఎంపీ ఎలెన్ విల్కిన్సన్ వాళ్లతో కలిసి కొంత దూరం నడిచింది.

ఇది చదివాక మాకు విషయం అర్థమైంది. సామాను అమ్ముకోవడంలో సిగ్గు లేదు. ఎవరో బలవంతం చేస్తే, ఆకలికి తట్టుకోలేక, అయినకాడికి అమ్ముకోవాల్సి రావడంలోనే బాధ ఉంది. మన తెలుగులో కూడా 'చెంబూ తపేలా అమ్ముకున్నాడు' అంటే చితికిపోయాడని అర్థం. ఆ మాటలో ఉన్నదీ అలాంటి కష్టమే. వాడని వస్తువును, మనకు వీలైన రోజున, మనం అడిగిన ధరకు ఇవ్వడం దానికి పూర్తిగా వేరు.

డిక్కీ తెరిచి అమ్మడం

రెండో ప్రపంచ యుద్ధం ఈ సిగ్గును కొంత తగ్గించింది. 1941 జూన్ నుంచి 1949 వరకు బట్టలకు కూడా రేషన్ ఉండేది. ఉన్నవాడూ లేనివాడూ పాతవి బాగుచేసుకుని వేసుకున్నారు. 1947లో ఆక్స్‌ఫర్డ్ నగరంలో ఆక్స్‌ఫామ్ సంస్థ బ్రాడ్ స్ట్రీట్‌లో షాపు తీసుకుని, జనం ఇచ్చిన పాత వస్తువులను అమ్మి ఆ డబ్బును కష్టాల్లో ఉన్నవాళ్లకు పంపింది. ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపించే ఛారిటీ షాపులు ఆ వరసలోవే.

కారు డిక్కీని ఇక్కడ బూట్ అంటారు. మైదానంలో కారు ఆపి, డిక్కీ తెరిచి, ముందు బల్ల వేసి పాత సామాను అమ్మడమే 'కార్ బూట్ సేల్'. దీన్ని స్టాక్‌పోర్ట్‌కు చెందిన హ్యారీ క్లార్క్ అనే క్యాథలిక్ ఫాదర్ 1970లలో కెనడాలో చూసి వచ్చి ఇక్కడ మొదలుపెట్టారని చెబుతారు. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఈబే 1995లో అమెరికాలో మొదలై 1999లో ఈ దేశానికి చేరింది. 2000లో లండన్‌లో మొదలైన గమ్‌ట్రీ ఎవరి కోసం పెట్టారో తెలుసా? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల నుంచి కొత్తగా వచ్చి ఇల్లు, ఉద్యోగం, సామాను వెతుక్కునే వాళ్ల కోసం. ఇదీ వలసవాళ్ల అవసరంలోంచి పుట్టిందే.

మనకు మాత్రం కొత్తా?

మేము ఇంటర్ పాసయ్యాక మా తెలుగు అకాడమీ పుస్తకాలు ఏం చేశాం? విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టుకు సగం ధరకు ఇచ్చాం. ఆ డబ్బుతో సినిమా చూసి, మిగిలిన దానితో పునుగులు తిన్నాం. మాలో హైదరాబాద్‌వాడు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాడు, తిరిగి అక్కడే అమ్మాడు. గురువారాల్లో జుమ్మేరాత్ బజార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పుడు సిగ్గు పడలేదే!

పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నె ఇచ్చే ఆమె మన వీధిలోకి వస్తే మన అమ్మలు అరగంట బేరమాడేవారు. రెండు చీరలకు ఈ చిన్న గిన్నేనా అని గిన్నెను తిప్పి తిప్పి చూసేవారు. ఇక్కడ కూడా తోపుడు బండితో 'ర్యాగ్ అండ్ బోన్' మనిషి వచ్చేవాడు. చింకి బట్టలిస్తే గుమ్మం మెట్లు రుద్దే రాయి ఇచ్చేవాడు. ఆ అమ్మలూ మన అమ్మల్లాగే బేరమాడి ఉంటారు.

తెలుసుకోవాల్సిన నాలుగు ముక్కలు

2024 జనవరిలో చాలామంది భయపడ్డారు, పాత బట్టలు అమ్మినా పన్ను వేస్తారట అని. అది పూర్తి నిజం కాదు. ఆ నెల నుంచి ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలు ఏడాదిలో 30 లేదా అంతకు మించి వస్తువులు అమ్మినవారి, లేదా దాదాపు 1,700 పౌండ్లు దాటినవారి వివరాలను సేకరించి పన్నుల శాఖకు పంపుతున్నాయి. వివరాలు పంపడం వేరు, పన్ను వేయడం వేరు. మన ఇంట్లో వాడిన సామానును కొన్నదానికంటే తక్కువకు అమ్ముకుంటే మామూలుగా పన్ను ఉండదు. ఒక్క వస్తువే 6,000 పౌండ్లు దాటి పలికితే అది వేరే లెక్క. లాభం కోసం కొని అమ్మితే మాత్రం అది వ్యాపారం. దానికి 2017 నుంచి ఏడాదికి 1,000 పౌండ్ల మినహాయింపు ఉంది.

ఇంతకంటే ముఖ్యమైనది వీసా. స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు సొంత వ్యాపారం చేయకూడదు. సొంత మంచం అమ్ముకోవడం వ్యాపారం కాదు. నెలనెలా పది మంచాలు కొని అమ్మితే అది వ్యాపారమే. అనుమానం ఉంటే తెలిసినవాళ్లను కాదు, అర్హత ఉన్న సలహాదారుని అడగండి.

సోఫాకు సులభంగా నిప్పు అంటుకోని గుడ్డ వాడారని చెప్పే లేబుల్ ఉంటుంది. 1988 నిబంధనల వల్ల అది లేకపోతే ఛారిటీ షాపులు తీసుకోవు. అందుకే దాన్ని కత్తిరించి పారేయకండి. డబ్బు పంపించానని ఫోన్‌లో బొమ్మ చూపిస్తే నమ్మకండి. మాలో ఒకరు అలాగే మైక్రోవేవ్ పోగొట్టుకున్నారు. మన ఖాతాలో పడ్డాకే వస్తువు గుమ్మం దాటాలి. వీసా గడువు ఇంకా ఆరు నెలలు ఉందనగానే జాబితా రాసుకోవడం మొదలుపెట్టండి. ఆఖరి వారంలో బేరం ఎప్పుడూ కొనేవాడి చేతిలోనే ఉంటుంది.

మా స్నేహితుడి ఇంట్లో అమ్మకుండా మిగిలింది ఒకటే, వాళ్ల అత్తగారు ఇచ్చిన వెట్ గ్రైండర్. సూట్‌కేసులో పట్టదు. చెల్లెమ్మ దాన్ని అమ్మనంది. "అన్నయ్యా, ఇది మీ దగ్గర ఉంచండి. కొత్తగా వచ్చిన మన పిల్లలెవరైనా ఇడ్లీకి బెంగ పెట్టుకుంటే ఇవ్వండి" అంది. అది ఇప్పుడు ఫెన్‌హమ్‌లో నలుగురు నర్సులు ఉంటున్న ఇంట్లో తిరుగుతోంది. ఆదివారం మాకూ పిండి వస్తుంది.

ఈ వారాంతంలో మేము ముగ్గురం మా బీరువాలు, మంచాల కింద పెట్టెలు తెరుస్తున్నాం. అమ్మేవి ఒక పక్క, ఇచ్చేవి ఒక పక్క, ఉంచేవి ఒక పక్క. మీరూ తెరిచి చూడండి.