బర్జఖ్: వానకూ సముద్రానికీ నడుమ పర్దా

'బర్జఖ్' అనే లఫ్జ్ ఉర్దూ మీడియంలో చదువుకున్న మాకు కొత్త కాదు. రెండింటి నడుమ ఉండే పర్దా అని మతలబ్. సూరె రహ్మాన్‌లో రెండు సముద్రాల మధ్య ఉన్న అడ్డుకు కూడా ఇదే మాట. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాట్సప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతుంటుంది. ఒక పక్క నీలం నీళ్లు, ఇంకో పక్క మట్టి నీళ్లు, నడుమ గీత. "ఎన్నటికీ కలవవు, సుభానల్లాహ్" అని రాసి ఉంటుంది. సుభానల్లాహ్ అనడంలో తప్పేమీ లేదు. కానీ అక్కడే ఆగిపోతే అసలు ముచ్చట తెలియదు. ఆ నీళ్లు కలుస్తాయి. ఎంత మెల్లగా కలుస్తాయన్నదే సవాల్. దాని హిసాబ్ తేల్చడానికి నూరేళ్లకు పైగా మెహనత్ జరిగింది. మన వానకూ ఆ హిసాబ్‌కూ దగ్గరి రిష్తా ఉంది.

రంజాన్‌లో గ్లాసులో రూహ్ అఫ్జా పోసి, మీద మెల్లగా నీళ్లు పోయండి. ఎరుపు కిందనే ఉంటుంది, ఎందుకంటే అది బరువు. చెంచాతో తిప్పితే తప్ప కలవదు. సముద్రమైనా చెరువైనా ఇంతే. వేడి నీరు, తీపి నీరు తేలిక, పైన ఉంటాయి. చల్లని నీరు, ఉప్పు నీరు బరువు, కింద ఉంటాయి. మరి సముద్రంలో చెంచా ఎవరు తిప్పుతారు? గాలి, అలలు, ప్రవాహాలు. అవి పుట్టించే చిన్న చిన్న సుడులు.

1893లో నార్వే సాహసి నాన్సెన్ ఓడ 'ఫ్రామ్' ఆర్కిటిక్ సముద్రంలో ఉన్నట్టుండి నడక మందగించింది. ఇంజన్ నడుస్తోంది, ఓడ మాత్రం కదలనంటోంది. నావికులు దీన్ని 'చచ్చిన నీళ్లు' అనేవాళ్లు. మంచు కరిగిన తీపి నీరు ఉప్పు నీటి మీద పొరగా ఉందనీ, ఓడ తాకత్ అంతా ఆ రెండు పొరల నడుమ కనపడని అలలు లేపడానికే ఖర్చవుతోందనీ స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ తొట్టిలో ప్రయోగాలు చేసి 1904లో చెప్పాడు.

1920లో ఇంగ్లండ్‌కు చెందిన రిచర్డ్‌సన్ గాలి గురించి ఆలోచిస్తూ ఒక లెక్క కట్టాడు. ఇది రెండు తాకత్‌ల కుస్తీ. బరువైనదాన్ని కిందనే పట్టి ఉంచేది ఒకటి. పొరలు వేర్వేరు వేగాలతో రాసుకున్నప్పుడు పుట్టే లాగుడు ఇంకొకటి. ఈ రెండింటి నిష్పత్తే 'రిచర్డ్‌సన్ సంఖ్య'. నీటికీ ఇదే లెక్క. ఆ సంఖ్య అంతటా పావు కంటే ఎక్కువ ఉంటే పొరలు చెదరవని 1961లో మైల్స్, హోవర్డ్ గణితంతో చూపించారు.

మన తెలుగు నేల కూడా ఈ తారీఖ్‌లో ఉంది. 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీకి ప్రొఫెసర్‌గా వచ్చాడు. తెలుగు విద్యార్థులు ఆయనతో కలిసి బంగాళాఖాతం లోతుల్లో ఉష్ణోగ్రతలు కొలిచారు. లోపలి నీటి పొరలు పైకీ కిందకీ ఊగే తీరు మీద లాఫాండ్, పూర్ణచంద్రరావు 1954లోనే పరిశోధన అచ్చు వేశారు.

కానీ పొరల ఊగుడు కొలవడం వేరు, చిన్న సుడులను కొలవడం వేరు. ఆ సుడులు సెంటీమీటర్లలో ఉంటాయి. నీటిలో వేడి ఎంత వణుకుతోందో చూసి కలయికను లెక్కగట్టే పద్ధతిని 1972లో ఆస్బార్న్, కాక్స్ ఇచ్చారు. తర్వాత వేగంలో వణుకును పట్టే ముల్లు కూడా సముద్రంలో దిగింది. గ్యాస్ లైటర్‌లో నొక్కితే కరెంట్ పుట్టించే ముక్క ఉంటుంది కదా, ఆ తరహాదే దాని కొసలోనూ ఉంటుంది. సుడి తాకి అది వంగిన కొద్దీ కరెంట్ మారుతుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతికొద్దాం. సిరిసిల్ల పక్కన పారే మానేరు గోదావరిలో కలుస్తుంది. జగిత్యాల, కోరుట్ల వాన నీరూ గోదావరికే చేరుతుంది. గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి అంతకంటే ఎన్నో రెట్లు నీళ్లు తెస్తాయి. పైనుంచి వాన కూడా. దాంతో ఉత్తర బంగాళాఖాతం మీద ఒక పల్చని తీపి పొర పరుచుకుంటుంది. మనవాళ్లు పని చేసే గల్ఫ్‌లో కిలో నీటికి దాదాపు 40 గ్రాముల ఉప్పుంటే, వానాకాలంలో ఇక్కడ 30 గ్రాములకు కూడా దిగుతుంది. ఈ తీపి పొర అడుగుకూ, అంతకంటే లోతున మొదలయ్యే చల్లని నీటికీ నడుమ ఉన్న మందానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'బారియర్ లేయర్'. అడ్డు పొర. ఉర్దూలో చెప్పాలంటే, బర్జఖ్.

ఈ పర్దా వల్ల కింది చల్లదనం పైకి రాదు, పైనీరు వెచ్చగానే ఉంటుంది. సముద్రం 28 డిగ్రీలు దాటితేనే పెద్ద మేఘాలు జోరుగా కడతాయని 1984లో సులోచనా గాడ్గిల్, ఆమె సహచరులు చూపించారు. అరేబియా సముద్రంలో గాలులు నీటిని బలంగా కలిపి చల్లబరుస్తాయనీ, బంగాళాఖాతంలో ఆ కలయిక తక్కువనీ 2002లో గోవా శాస్త్రవేత్తలు షెణాయ్, శంకర్, షెట్యే తేల్చారు. 2014 చివర భారత్, అమెరికా శాస్త్రవేత్తలు ఉత్తర బంగాళాఖాతంలో లంగరు వేసి ఏడాది పాటు పరికరాలు ఉంచారు. తీపి నీరు వచ్చి చేరగానే కింద సుడులు దాదాపు అణిగిపోయాయని ఆ కొలతలు చెప్పాయి.

అదే పర్దా ముసీబత్ కూడా. తుఫాను సముద్రాన్ని చిలికి చల్లని నీరు పైకి తెస్తే దాని జోరు దానికదే తగ్గుతుంది. వానాకాలం తర్వాత బంగాళాఖాతంలో ఆ చిలుకుడు తేలిగ్గా సాగదు. మన తీరానికి వచ్చే తుఫాన్లు బలం పోగొట్టుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

జగిత్యాల వరి, కోరుట్ల పసుపు, సిరిసిల్లలో మిడ్ మానేరు నిండటం అన్నీ వాన మీదే. వాన ఖబర్ ముందుగా సరిగ్గా చెప్పాలంటే ఆ సెంటీమీటర్ సుడుల హిసాబ్ కంప్యూటర్‌కు సరిగ్గా అందాలి. సముద్రం ఖబర్ చెప్పే సర్కారీ సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. కాబట్టి దోస్తులారా, ఈసారి ఆ వీడియో వస్తే ఫార్వర్డ్ చేసే ముందు పిల్లలకు చూపించి అడగండి: ఈ పర్దా ఎంత మందం? దీన్ని ఎలా కొలుస్తారు? బర్జఖ్ అనే లఫ్జ్ వాళ్ల నోట్లో ముందే ఉంది. దాని ఇల్మ్ కూడా వాళ్లదే కావాలి.